చాంది ఇంటి నీలిమంట

పోయిన వారం ద్వాలిని మనం ఆసామి బసవపున్నయ్య చేను గట్టు మీద వదిలేసి వచ్చాం. ఆమె అక్కడికి ఎందుకు వెళ్లిందో గుర్తుందిగా? మరిది భద్రు తన ఇంటి వెనక గోబర్ గ్యాసు గొయ్యి కట్టించాడు. తోటికోడలు చాంది పొగ లేని పొయ్యి ముందు కూర్చుని నవ్వుతూ వండుతోంది. తండా ఆడవాళ్లంతా పనులు మానుకుని ఆ నీలిమంటను చూసి వస్తున్నారు. అత్త తిట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్న సామెత ద్వాలిని చూసే పుట్టిందేమో అనిపిస్తుంది.

ఇంతలో జీపులో ఒక ఆఫీసరు వచ్చి, ఈ ఏడు తండాకు రెండిట్లో ఒకటే ఇస్తామన్నాడు. ఇంటింటికీ గోబర్ గ్యాసైనా, లేదంటే కరెంటు లైనైనా. చాంది పొయ్యి ఎలా వెలుగుతుందో సంతనాడు కళ్లారా చూసి తేలుస్తానన్నాడు. ద్వాలి మొగుడు లచ్చిరాం పాల్వంచ థర్మల్ కరెంటు కేంద్రంలో బొగ్గు దగ్గర పనిచేస్తాడు. కరెంటు వస్తే అది లచ్చిరాం వల్లే వచ్చిందని తండా అంతా చెప్పుకుంటుందనీ, చాంది మంటను అప్పుడు కుక్క కూడా చూడదనీ ద్వాలి ఆశ. అందుకే అన్నదమ్ములిద్దరి ఉమ్మడి మందను రాత్రిళ్లు బసవపున్నయ్య మిరప కోసేసిన చేలో పడుకోబెడతానని మాటిచ్చి వచ్చింది. మంద ఎక్కడ పడుకుంటే పేడ అక్కడే. చేనుకు ఎరువు, గొయ్యికి పస్తు. ఇంట్లో మాత్రం, ఏటా ఎండాకాలం తోలినట్టే పశువులను మేతకు వాగవతల అడవికి తోలించానని చెప్పింది. ఈ ఏడు గడ్డి కొనైనా మందను ఇంటి దగ్గరే ఉంచుదామని భద్రు అనుకున్నాడు. కానీ పెద్దకోడలి మాటకు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో అలవాటు లేదు.

ఇక సంతనాడు పొద్దున్నే ఏమైందంటే...

ద్వాలి పొయ్యి ముందు కూర్చుని ఊదుడుగొట్టంతో ఊదుతోంది. కట్టెలు సరిగ్గా ఎండలేదు. పొగ ఇల్లంతా కమ్మేసింది. కళ్లు నీళ్లు కారుతున్నా ఆమె చూపు మాత్రం కంచె అవతలే ఉంది. అక్కడ చాంది గొయ్యి మీద, గ్యాసు నిండితే పైకి తేలి, తగ్గితే కిందికి దిగే ఇనుప డ్రమ్ము ఉంది. పదిరోజుల కింద ధీమాగా తేలుతూ ఉండేది. ఇప్పుడు గొయ్యిలో చతికిలబడింది. దాన్ని చూస్తుంటే ద్వాలికి ఆ పచ్చికట్టెల పొగ కూడా కమ్మగానే ఉంది.

చాంది కంచె దాటి వచ్చింది. చేతిలో పిడక ముక్క ఉంది.

"అక్కా, జర నిప్పియ్యవా?"

ఈ మాట కోసం ద్వాలి ఎన్నాళ్లుగా కాచుక్కూర్చుందో ఆ తుల్జా భవానికే తెలియాలి. గ్యాసు వెలిగిన నాటి నుంచి చాంది నిప్పు కోసం ఎవరి గడపా తొక్కలేదు.

"ఏందే చాందీ, నీ పొయ్యికి ఏమాయె? అగ్గిపుల్ల సూపిస్తె సాలు భగ్గుమంటది అంటివి గద!"

"యాడ భగ్గుమంటది? పైపు బుస్సుమని ఊకుంటంది. మంద అడివికి పోయినంక ఇంట్ల రెండెడ్ల పేడే దిక్కాయె. గంతదానికి ఏమొస్తది? ఇయ్యాల సారొస్తడు. నాకు గుండె దడదడ కొట్టుకుంటంది అక్కా."

"ఎండలు ముదిరినయ్. మందకు మేత సూడాల్నా, నీ పొయ్యికి పేడ సూడాల్నా?"

అంటూనే ద్వాలి మంచి నిప్పుకణికలు ఏరి పిడక మీద పెట్టింది. ఇచ్చేటప్పుడు కూడా పెద్దరికం కనిపించాలి కదా మరి. చాంది తల దించుకుని వెళ్తుంటే ఆమెకు కొంచెం జాలి వేసింది. వెయ్యలేదని అబద్ధమెందుకు చెప్పాలి? కానీ ఆ జాలి కంచె దాటేలోపే లచ్చిరాం కిందటిసారి వచ్చినప్పుడు అన్న మాట గుర్తొచ్చింది. "తమ్మునింట్ల చాయ్‌కి పొగవాసన రాదే!" అన్నాడు మహానుభావుడు. పెళ్లయిన నాటి నుంచి ద్వాలి చేతి చాయ్ తాగుతున్నవాడు. పొరుగింటి పుల్లకూర రుచి అని సరిపెట్టుకుందామంటే ఆమెకు సరిపడలేదు. ఆ రోజు నుంచి తన చాయ్ తనకే పొగచూరినట్టు అనిపిస్తోంది.

ఎండ ఎక్కుతుండగా జీపు వచ్చింది. తండా పెద్ద రూప్‌సింగ్ నాయక్ భద్రు పెరట్లో వేపచెట్టు నీడన మంచం వేయించాడు. ఆఫీసరు మంచివాడే. మాట్లాడేటప్పుడు మాత్రం ముందున్నవాళ్లంతా బడిపిల్లలైనట్టు వేలు ఆడిస్తాడు.

"ఏదీ, వెలిగించండమ్మా" అన్నాడు.

చాంది అగ్గిపుల్ల గీసింది. మంట ఒక్కసారి లేచి, వణికి, ఆరిపోయింది. మళ్లీ గీసింది. ఈసారి అదీ లేదు. భద్రు గబగబా కుళాయి తిప్పాడు, పైపు తట్టాడు, గొయ్యి దగ్గరికి పరుగెత్తి డ్రమ్మును ఊపాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. ద్వాలి నవ్వలేదు. నవ్వు బయటికి రాకుండా పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పేడ వెయ్యట్లేదా ఏమిటయ్యా?" అని అడిగాడు ఆఫీసరు.

"మంద మేతకు పోయింది సార్" అన్నాడు భద్రు.

"ఎండాకాలం అంతా రాదా?"

"అవ్ సార్. వానలు పడ్డంక వస్తయ్."

"మరి వానలు పడేదాకా పడుకునే పొయ్యికి సర్కారు ఎందుకయ్యా డబ్బు పెట్టాలి?"

 జవాబు ముసలి రుక్మిణి చెప్పింది. ఆమె కర్ర నేలకు తాటిస్తూ ముందుకు వచ్చింది.

"కరెంటుతోని రొట్టె కాల్తదా సారూ? నా కండ్లు పొయ్యి పొగకే పోయినయ్. చీకటితోని అడివికి పోయి, నెత్తి మాడంగ కట్టెలమోపు మోసుకొస్తం. ఏటేటికి అడివి దూరమైతంది. బల్బు పెడ్తె కట్టెలు మోసుడు తప్పుతదా? మందను ఇంటికాడ కట్టేసుకుంటం, గడ్డి ఏస్తం. మాకు గ్యాసే ఇయ్యి."

"నీకు గొడ్లున్నయ్, కట్టేసుకుంటవ్" అంది జంపక్క. ఆమెకున్నదల్లా నాలుగు మేకలు. "నాకేమున్నది? మేక పెంటికలతోని గ్యాసొస్తదా? గ్యాసంటే గొడ్లున్నోళ్లకే. తీగ గుంజితే నా గుడిసె ముందట గూడ స్తంభం పాతుతరు. నా బిడ్డ గుడ్డిదీపం కాడ సదువుడు తప్పుతది. కిరసనాయిలు కోసం జూలూరుపాడు దుకాణం కాడ పొద్దంత నిలవడుడు తప్పుతది."

"స్తంభం పాతుతరు. నెలనెలా బిల్లు ఎవడు కడ్తడు?" అన్నాడు భద్రు. "పేడకు బిల్లు లేదు గద."

"పేడకు గూడ బిల్లుంది కొడుకా. దాని పేరు గడ్డి" అన్నాడు రూప్‌సింగ్. గుంపు ఘొల్లుమంది. నాయక్ నవ్వలేదు. తలెత్తి పైకి చూశాడు. తండా చేల మీదుగా, పాల్వంచ నుంచి ఎక్కడికో, పెద్ద తీగలు పోతున్నాయి. "సారూ, నా మనసులో మాట సెప్త. గ్యాసు కూడొండుతది గని నీళ్లు తోడదు. కరెంటు నీళ్లు తోడుతది గని కూడొండదు. ఆడోళ్లకు ఒకటి, మొగోళ్లకు ఒకటి అక్కర. మీరేమో ఒకటే ఇస్తమంటిరి. గిదేం ఇచ్చుడు?"

ఆఫీసరు చెమట తుడుచుకున్నాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆయన పైవాళ్లు ఆయనకు నేర్పలేదు. "చూడండి, కళ్లకు కనిపించేదాన్ని బట్టి పోతాను. ఈ పొయ్యి వెలగలేదు. లైనుకే రాస్తాను" అన్నాడు.

చాంది ముఖం పాలిపోయింది. ద్వాలి కడుపు చల్లబడింది. ఇక ఆగలేకపోయింది. "మా ఇంటాయన ముందే సెప్పిండు సార్" అంది అందరికీ వినబడేలా. "పేడను నమ్ముకున్నోడు పేడలనే ఉంటడు, కరెంటే ఖాయం అని."

లచ్చిరాం అలా ఎప్పుడూ అనలేదు. అయినా ఇప్పుడు ఎవరు అడగబోయారు?

సరిగ్గా అప్పుడే తండా మొదట్లో ఎద్దుల బండి ఆగింది. బసవపున్నయ్య భార్య ప్రమీలారాణి దిగింది. చేతిలో ఇత్తడి పళ్లెం, పళ్లెంలో పసుపుకుంకాలు, ఎర్రంచు ఆకుపచ్చ చీర. వెనకే జీతగాడు వడ్ల బస్తా మోస్తూ వస్తున్నాడు. ఆ పళ్లెం చూడగానే ద్వాలి రెండడుగులు వెనక్కి వేసి గుంపులో దాక్కోబోయింది.

ఈ ప్రాంతంలో ఒక ఆనవాయితీ ఉంది. చేలో మంద పెట్టించుకున్న ఆసామి, మంద తిరిగి వెళ్లే ముందు, దాన్ని పంపిన ఇల్లాలికి నలుగురి ఎదుటా బొట్టు పెట్టి చీర పెట్టాలి. చాటుగా పెడితే పశువులకు గాలికుంటు జబ్బు తగులుతుందని నమ్మకం. బసవపున్నయ్య వాళ్లు కృష్ణాజిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నవాళ్లే అయినా, ఈ ఒక్క విషయంలో తండావాళ్లకంటే నిష్ఠగా ఉంటారు. ఇన్నేళ్లూ, మంద అడవికి పోయే ముందు కొన్నాళ్లు ఆ చేలో పడుకునేది, ఆ చీర అత్త సోమ్లి అందుకునేది. అందుకున్నప్పుడల్లా ద్వాలి ఓరకంట చూసి, ఎప్పటికైనా ఇది నాది కాకపోతుందా అనుకునేది. అత్త పోయాక ఇదే మొదటి ఎండాకాలం. మందను దొంగతనంగా తోలించిన తెలివిలో, ఆ చీర ఈసారి తన పేరు పిలుచుకుంటూ వస్తుందన్న సంగతే ఆమెకు తట్టలేదు!

"ద్వాలమ్మేదండీ? అబ్బ, ఇక్కడున్నావా!" అంటూ ప్రమీలారాణి నవ్వుతూ వచ్చింది. "ఎంత మంచి పని చేశావు తల్లీ! ఈ ఏడు మీరు మందనివ్వరేమోనని మా ఆయన ఒకటే దిగులు పడిపోయారు. నువ్వే వచ్చి అడక్కుండానే ఇచ్చావంట కదా. చేనంతా ఎంత బాగా తొక్కిందో! రేపు తోలించేస్తాం. ఇవాళ మంచిరోజని చీర పెట్టి పోదామని వచ్చాను. ఏదీ, మొహం ఇలా పెట్టు."

కుంకుమ వేలు ద్వాలి నుదుటిని తాకింది.  ప్రమీలారాణికి ఏమీ అర్థం కాలేదు. చీర చేతిలో పెట్టి, అందరి ముఖాలూ చూసి, "ఏవండీ, నేనేమన్నా తప్పు మాట్లాడానా?" అంది.

"లేదమ్మా" అన్నాడు రూప్‌సింగ్ నెమ్మదిగా. "నువ్వొక్కదానివే ఒప్పు మాట్లాడినవ్."

భద్రు వదిన వంక చూశాడు. "వదినా, మంద వాగవతల ఉందంటివి గద?" అన్నాడు. కోపం కూడా లేదు ఆ గొంతులో. ద్వాలి చేతిలోని చీర మడతలు సర్దసాగింది.

చాంది మాత్రం ఊరుకోలేదు. చేతిలోని అగ్గిపెట్టెను పొయ్యి మీద విసిరికొట్టింది.

"పొద్దుగాల నీ ఇంటికి నిప్పుకొస్తి. మంద యాడుందో నీకెర్కె. ఎర్కుండి కూడ మెల్లగ ఏరేరి నిప్పిస్తివి! ఏం పాపం జేసిన అక్కా నేను? నీకు జీతమొచ్చే మొగడున్నడు. నెలకో పారి బస్సు దిగంగ సంచినిండ సామాను తెస్తడు. నా మొగడు నీ మొగడు ఇడిసిన అంగీలు తొడుగుతడు. నేనెన్నడన్న ఏడిస్తినా? నాకంటు ఉన్నది గీ పొయ్యి ఒక్కటే. గది గూడ నీ కండ్లకు సల్లగ కనబడదాయె!"

"నీ పొయ్యేనా?" ద్వాలికి ఒక్కసారిగా మాట వచ్చింది. వచ్చిన మాట ఆగలేదు. "ఊరూరి ఆడోళ్లను పిలిచి సూపిస్తివి. చాందీ వంట, చాందీ మంట! నేను పెద్దకోడల్ని. నా గుడిసెల పొగ సూసి ముక్కు మూసుకుంటరు. నా మొగడు గూడ నీ చాయ్ మెచ్చుకునుడే. అవునే, ఓర్వలే! ఓర్వబుద్ధి కాలే! మందను నేనే తోలిన. నీ మంట ఆరిపోవాల్నని తోలిన!"

అనేసింది. అన్నాక గానీ తను ఏమన్నదో తన చెవులకు వినబడలేదు. రుక్మిణి ముసలమ్మ ముక్కున వేలేసుకుంది. జంపక్క మొహం తిప్పేసుకుంది.

ఆఫీసరు లేచి నిలబడ్డాడు. "బాగుంది! మీ ఇంటి తగువుల కోసం నన్ను ఇంతదూరం రప్పించారన్నమాట. ఏన్కూరు వైపు తండావాళ్లు ఏదిచ్చినా కళ్లకద్దుకుంటామంటున్నారు. వాళ్లకే రాసేస్తాను. మీకు గ్యాసూ లేదు, లైనూ లేదు."

ఇప్పుడు తండా మొత్తం ద్వాలి వైపు తిరిగింది. ఆ చూపుల ముందు నిలబడడం కంటే పొగలో కూర్చోవడమే నయం. నాయక్ చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

"సారూ, ఒక్క వారం ఆగుండ్రి. వచ్చే సంతకు రాండ్రి. అప్పుడు గూడ తేలకుంటె మీ ఇష్టం." తర్వాత తోటికోడళ్ల వైపు తిరిగాడు. "ఇనుండ్రి బిడ్డా. గొడవ పొయ్యి కాడ మొదలాయె, పొయ్యి కాడనే తెగాలె. ఇయ్యాల్నే మంద ఇంటికొస్తది. ద్వాలీ, సంత దాంక గా గ్యాసు గొయ్యి నీది. పేడ నువ్వే ఎత్తాలె, నువ్వే కలపాలె, గా పొయ్యి మీదనే వండాలె. చాందీ, నువ్వు ద్వాలి కట్టెలపొయ్యి మీద వండు, అడివికి పోయి కట్టెలు నువ్వే తేవాలె. ఒకల కష్టం ఒకలకు ఎర్కయినంక, తండాకు ఏది మంచిదో మీరిద్దరే సారుకు సెప్పుండ్రి. మన గురువు సేవాభాయా సాచ్చిగ గిదే నా తీర్పు."

ఆఫీసరు సరేనని వేలు ఆడించి జీపెక్కాడు. మగవాళ్లు తలలూపారు. ఆడవాళ్లు ఊపలేదు. తండాలో ఆడదానికి పొయ్యి అంటే సగం కాపురం. దాన్ని ఇంకొకతెకు అప్పగించడమంటే మాటలా? ద్వాలి నాయక్ కాళ్ల మీద పడదామనుకుంది. ఎదురుగా చాంది కళ్లలో నీళ్లు చూసి, దాని ముందు మాత్రం పడనని మొండికేసింది. చీర చంకలో పెట్టుకుని నిలబడింది.

పొద్దు వాలుతుండగా మంద ఇంటికి వచ్చింది. ద్వాలి మోచేతుల దాకా పేడలో ముంచి, నీళ్లు పోసి పిసుకుతూ, గొయ్యిలోకి వంపుతోంది. నడుము విరిగిపోతోంది. తట్ట తర్వాత తట్ట. ఈ పని చాంది రోజూ చేస్తుందని, అదీ నవ్వుతూ చేస్తుందని, ఇన్నాళ్లూ ఆమె ఒక్కసారి కూడా అనుకోలేదు. నీలిమంట కనిపించింది గానీ, దాని వెనక తట్టలు కనిపించలేదు. ఇవాళ ఎంత వేసినా డ్రమ్ము లేవడానికి ఇంకా రోజులు పడతాయట. కంచె అవతల తన గుడిసెలోంచి పొగ లేస్తోంది. చాంది దగ్గు వినబడింది. 'దగ్గనీ, దానికీ తెలియాలి' అనుకుంది ద్వాలి. అనుకుంది గానీ, ముందరంత తియ్యగా లేదు.

ఇంతలో పాల్వంచ బస్సు హారన్ వినబడింది. కాసేపటికి భుజాన సంచితో లచ్చిరాం, నిజంగా లచ్చిరామే! ఈ వారం అతను రావలసిన రోజు కాదు. జరిగిందేదీ అతనికి తెలియదు. అలవాటుగా తన గుడిసెలోకి వంగి దూరాడు. లోపల పొయ్యి ముందు ఉన్నది చాంది.

ద్వాలి చేతిలోని తట్ట కింద పడేసింది. మరుక్షణమే తనను తాను మందలించుకుంది. తండా కట్టుబాటు చిన్నదేం కాదు. మొగుడి అన్న ఎదురుపడితే ఆడది ముసుగు మొహం మీదికి లాక్కుని పక్కకు తప్పుకోవాలి. అతనితో నోరు విప్పకూడదు. చాంది కాపురానికి వచ్చిన నాటి నుంచి లచ్చిరాంతో ఒక్క పలుకు పలకడం ఎవరూ వినలేదు. చాయ్ గ్లాసు కూడా భద్రు చేతనే పంపేది. ఇప్పుడు మాత్రం ఏముంది? ముసుగేసుకుని బయటికి వచ్చేస్తుంది. వచ్చి, "అక్కా, బావొచ్చిండు" అని పిలుస్తుంది.

చాంది బయటికి రాలేదు.

ద్వాలి పేడచేతులతోనే కంచె దగ్గరికి నడిచింది. తడికె సందులోంచి మాటలు వినిపిస్తున్నాయి. ముందు లచ్చిరాం గొంతు, అతను తనతో ఎప్పుడూ మాట్లాడనంత మెల్లగా.

"పాల్వంచ కాలనీల క్వార్టరు తాళం చేతికొచ్చి నెల దాటె. కరెంటుంది, నల్లా ఉంది. పొగ లేదు, పేడ లేదు."

తర్వాత ఆడగొంతు. బెదురు లేదు, కొత్త లేదు. రోజూ మాట్లాడుకునే మనిషితో మాట్లాడినట్టే ఉంది.

"నెల దాటినా అక్కకు ఇంక సెప్పలేదా బావా?"

"సెప్తే వస్తనంటది గద" అన్నాడు లచ్చిరాం.